ఇంట్లో గిటారు ధ్వనిముద్రణ: విద్యుత్తు హోరును తగ్గించే విధానం

ఎలక్ట్రిక్ గిటారును గానీ, పికప్ అమర్చిన అకూస్టిక్ గిటారును గానీ ఇంట్లో కంప్యూటరుకు కలిపి ధ్వనిముద్రణ చేసేటప్పుడు, వాద్యంతో పాటు గుంయ్‌మనే హోరు కూడా నమోదు కావడం సర్వసాధారణం. ఈ హోరు చాలా సందర్భాలలో గిటారు లోపం కాదు. ఇంటి వైరింగు, గదిలోని ఉపకరణాలు, కేబుళ్ళు, ఎర్తు ఏర్పాటు, వీటిలో ఏదో ఒకటి దానికి మూలం. మూలాన్ని గుర్తించగలిగితే ఖరీదైన పరికరాలు కొనకుండానే హోరును చాలావరకు తగ్గించవచ్చు.

ఇంటి ముద్రణకు నేడు ప్రాధాన్యం పెరిగింది. ఇంట్లోని పెద్దలు పాడే ఊయలపాటకు, పెళ్ళిపాటకు మనవడో మనవరాలో గిటారు సహకారం అందించి నమోదు చేయడానికి ఒక ల్యాప్‌టాప్, ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ చాలు. అయితే ముద్రణలో ఒకసారి కలిసిపోయిన హోరును తరువాత పూర్తిగా వేరుచేయడం సాధ్యం కాదు. ఆ గొంతు మళ్ళీ అదే విధంగా పాడే అవకాశం రాకపోవచ్చు కూడా. అందువల్ల హోరును ముద్రణకు ముందే అరికట్టాలి. ఈ ప్రయత్నంలో కొందరు చేసే ఒక పని ప్రాణాపాయకరమైనది. దానిని గురించి ఎర్తు విభాగంలో వివరంగా చెప్పడం జరిగింది.

హోరు పుట్టుక

విద్యుత్ పంపిణీ సంస్థలు రాష్ట్రానికొక తీరుగా ఉన్నా, హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, రాయగడలోనైనా, సిరోంచలోనైనా, యానాంలోనైనా గృహాలకు అందే సింగిల్ ఫేజ్ విద్యుత్తు ఒకే రకం. దాని వోల్టేజి 230 వోల్టులు, పౌనఃపున్యం 50 హెర్ట్జ్‌లు. అంటే ఈ ఏకాంతర విద్యుత్ ప్రవాహం సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. ఆ ప్రవాహం ఉన్న ప్రతి వైరు చుట్టూ, ప్రతి ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ అదే వేగంతో మారే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది.

ఎలక్ట్రిక్ గిటారు పికప్ అంటే అయస్కాంతం చుట్టూ, వెంట్రుక కంటె సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన పరికరం. ఉక్కు తీగ కంపించినప్పుడు ఆ చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. గదిలోని విద్యుత్ క్షేత్రాలను కూడా అదే చుట్ట అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది. తీగ కంపనానికి, ట్రాన్స్‌ఫార్మరు క్షేత్రానికి మధ్య తేడా దానికి తెలియదు. గిటారు నుండి వచ్చే సంకేతం చాలా బలహీనమైనది కనుక దానిని అనేక రెట్లు పెంచవలసి వస్తుంది. దానితో పాటే హోరు కూడా పెరుగుతుంది.

ఇక్కడ స్వరశాస్త్రానికి సంబంధించిన ఒక చిక్కు ఉంది. గిటారు ఆరవ తీగ, అంటే అన్నిటికంటె మందమైన తీగ, సాధారణ శ్రుతిలో 82.4 హెర్ట్జ్‌ల వద్ద మోగుతుంది. అదే తీగను మూడవ మెట్టుపై నొక్కితే వచ్చే జి స్వరం 98 హెర్ట్జ్‌లు. విద్యుత్తు హోరులోని 100 హెర్ట్జ్‌ల అంశం దాదాపు ఆ స్వరం పక్కనే కూర్చుంటుంది. కాబట్టి తరువాత ఫిల్టరుతో హోరును కోసివేస్తే గిటారు నాదం కూడా కొంత కోతకు గురి అవుతుంది.

అమెరికా నుండి వెలువడే పాఠాలలో 60 హెర్ట్జ్‌ల హోరు అని తరచు చెబుతారు. అక్కడి విద్యుత్తు 60 హెర్ట్జ్‌లది కావడమే దానికి కారణం. అక్కడి బంధువులు పంపిన ఫిల్టరు అమరికలను ఇక్కడ యథాతథంగా వాడితే ఫలితం ఉండదు. వాటిని 50, 100, 150 హెర్ట్జ్‌లకు మార్చుకోవాలి.

ధ్వనిని బట్టి కారణం

అనవసర ధ్వనులన్నీ ఒక్కటి కావు. జాగ్రత్తగా వింటే సగం నిర్ధారణ పూర్తయినట్టే.

మెత్తగా, మందంగా "మ్‌మ్" అని సాగే హోరు: సమీపంలో ట్రాన్స్‌ఫార్మరు, స్టెబిలైజరు, మోటారు వంటివి ఉన్నాయని సూచన. గిటారును పట్టుకొని కూర్చున్న చోటనే మెల్లగా తిరిగితే ఈ ధ్వని హెచ్చుతగ్గులవుతుంది.

గరుకుగా "జ్‌ర్‌ర్" అని వినిపించే ధ్వని: ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటరు, ట్యూబులైటు చోకు, నాసిరకం ఎల్‌ఈడీ బల్బు, ఇన్వర్టరు, ఎర్తు లోపం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు.

"టక టక టక, డర్‌ర్" అని అప్పుడప్పుడు వచ్చే ధ్వని: సమీపంలోని మొబైల్ ఫోను. 2జీ సంకేతాలు విడతలు విడతలుగా ప్రసారమవుతాయి కనుక ఈ ధ్వని వస్తుంది.

సన్నని కీచుశబ్దం, ముఖ్యంగా మౌస్ కదిపినప్పుడు మారేది: కంప్యూటరు యూఎస్‌బీ ద్వారా లేదా ఛార్జరు ద్వారా వచ్చే ధ్వని.

సమానంగా సాగే "బుస్స్" శబ్దం: గెయిన్ అవసరానికి మించి పెంచడం వల్ల వచ్చేది.

కేబుల్ కదిపినప్పుడు, గుండీ తిప్పినప్పుడు చిటపటలు: జాక్ వదులు కావడం, కేబుల్ లోపల తెగడం, గుండీలో దుమ్ము చేరడం.

కారణాన్ని కనిపెట్టే వరుస

అన్నీ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కొక్క మార్పు చేసి, ప్రతిసారీ 10 సెకన్ల నిశ్శబ్దాన్ని ముద్రించి, పోల్చి వినడం సరైన పద్ధతి.

మొదట గిటారుపై ఉన్న వాల్యూమ్ గుండీని సున్నాకు తగ్గించాలి. హోరు పోతే అది పికప్ ద్వారా వస్తున్నదని అర్థం. పోకపోతే కేబుల్, ఇంటర్‌ఫేస్, కంప్యూటరు, విద్యుత్ సరఫరా, వీటిని పరీక్షించాలి.

రెండవది, ల్యాప్‌టాప్ ఛార్జరును తీసివేసి బ్యాటరీపై నడపాలి. హోరు వెంటనే తగ్గితే లోపం ఛార్జరులో గానీ, ఎర్తులో గానీ ఉన్నట్టు.

మూడవది, గదిలోని ఉపకరణాలను ఒక్కొక్కటిగా ఆపాలి. ఫ్యాను, లైటు, టీవీ, స్టెబిలైజరు, ఫోను ఛార్జరు, వైఫై రౌటరు, ఇన్వర్టరు, ఈ వరుసలో ఆపుతూ వినాలి.

నాలుగవది, ఎర్తు సక్రమంగా ఉన్నదని ముందే నిర్ధారించుకున్న ఇళ్ళలో మాత్రమే, గిటారు తీగలపై చేయి వేసి చూడాలి. చేయి వేయగానే గరగర తగ్గితే గిటారులోని తీగల ఎర్తు పనిచేస్తున్నది, కవచం మాత్రం చాలడం లేదని భావించాలి. చేయి వేస్తే గరగర పెరిగితే లోపల ఎర్తు వైరు ఊడి ఉండవచ్చు, లేదా జాక్ వద్ద కలుపులు తారుమారై ఉండవచ్చు. చేతికి జివ్వుమని తగిలితే పరీక్ష అక్కడితో ఆపి, మెయిన్ స్విచ్ కట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

గిటారు, పికప్

ఒకే చుట్ట ఉన్న పికప్‌లు, అనగా సింగిల్ కాయిల్ పికప్‌లు, హోరును ఎక్కువగా పట్టుకుంటాయి. ఈ సమస్యకు గిబ్సన్ సంస్థ ఇంజనీరు సేత్ లవర్ 1955లో పరిష్కారం కనుగొని పేటెంటుకు దరఖాస్తు చేశారు. అది 1959లో మంజూరయింది. రెండు చుట్టలను పక్కపక్కన అమర్చి, ఒకదానిలో చుట్టిన దిశను, అయస్కాంత ధ్రువాన్ని తారుమారు చేయడం అందులోని సూత్రం. బయటి హోరు రెండు చుట్టలలోను పుట్టినా ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉండి రద్దవుతుంది. తీగ నాదం మాత్రం రెండింటిలోను కలిసి బలపడుతుంది. అందుకే దీనికి హంబకర్ అనే పేరు వచ్చింది. మూడు సింగిల్ కాయిళ్ళున్న అనేక గిటార్లలో మధ్య పికప్‌ను వ్యతిరేక దిశలో చుట్టి ఉంచుతారు. స్విచ్‌ను రెండవ లేదా నాలుగవ స్థానంలో పెట్టినప్పుడు రెండు పికప్‌లు కలిసి అదే ఫలితం ఇస్తాయి.

గిటారు లోపలి గుంతలకు రాగి రేకు టేపు అంటించి ఎర్తుకు కలపడం మరో మార్గం. రేకు ముక్కలన్నీ ఒకదానికొకటి విద్యుత్ సంబంధం కలిగి ఉండాలి. సంకేతం వెళ్ళే వైరు ఎక్కడా రేకును తాకరాదు. ఈ కవచం గరగర శబ్దాన్ని బాగా తగ్గిస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు నుండి వచ్చే 50 హెర్ట్జ్‌ల అయస్కాంత హోరును మాత్రం పలుచని రాగి రేకు ఆపలేదు. దానికి దూరం, దిశ, హంబకర్, ఈ మూడే ఉపాయాలు. కూర్చునే చోటును ఒకటి రెండు మీటర్లు జరపడం, ముఖం తిప్పి కూర్చోవడం ఖర్చులేని చికిత్సలు.

అకూస్టిక్ గిటారులో అమర్చే పీజో పికప్‌లో అయస్కాంతం ఉండదు. అయినప్పటికీ దాని నిరోధం చాలా ఎక్కువ కనుక గరగర ప్రవేశించే అవకాశం ఉంది. లోపలి 9 వోల్టుల బ్యాటరీ బలహీనపడితే నాదం గీరుకుపోతుంది. అటువంటి గిటారును మైక్రోఫోనుతో ముద్రిస్తే పికప్ హోరు అసలు ఉండదు. అయితే గదిలోని ఫ్యాను గాలి, బయటి మోటారు చప్పుడు మైకులో పడతాయి.

కేబుళ్ళు

గిటారుకు వాడే కేబుల్‌లో సంకేతపు వైరు చుట్టూ సన్నని రాగి జాలీ ఉంటుంది. స్పీకరు కేబుల్‌లో ఈ జాలీ ఉండదు. రెండింటి జాక్‌లు ఒకే 6.35 మి.మీ. పరిమాణంలో ఉండడం వల్ల పొరపాటు జరుగుతుంది. స్పీకరు కేబుల్‌ను గిటారుకు పెడితే అది ఏరియల్‌లా పనిచేసి హోరును ఇంట్లోకి ఆహ్వానిస్తుంది.

ఇంట్లో ముద్రణకు 3 మీటర్ల కేబుల్ సరిపోతుంది. మిగిలిన కేబుల్‌ను చుట్టగా చుట్టి స్టెబిలైజరు పక్కన పడవేయరాదు. కరెంటు వైరుకు సమాంతరంగా గిటారు కేబుల్‌ను పరచరాదు. దాటించక తప్పనిచోట రెండింటినీ లంబకోణంలో దాటించాలి. ఇంటర్‌ఫేస్‌లో గిటారు కోసం ప్రత్యేకించిన ఇన్‌స్ట్రుమెంట్ స్విచ్ ఉంటే దానిని తప్పక వేయాలి. లేకపోతే నాదం పలుచబడి, గెయిన్ పెంచవలసి వచ్చి, బుసశబ్దం ఎక్కువవుతుంది.

గదిలోని ఉపకరణాలు

పాతకాలపు చుట్ట రకం ఫ్యాను రెగ్యులేటరు కంటె తిప్పుడు గుండీతో వేగాన్ని క్రమంగా మార్చే ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు ఎక్కువ గరగరను పుట్టిస్తుంది. అది ప్రతి ఆవర్తనంలో విద్యుత్తును రెండుసార్లు కోసి వదలడమే కారణం. ముద్రణ సమయంలో ఫ్యానును ఆపడం ఉత్తమం. ఆపలేకపోతే పూర్తి వేగంలో ఉంచితే గరగర చాలావరకు తగ్గుతుంది.

చదరపు తరంగం ఇచ్చే చౌకరకం ఇన్వర్టర్లు తీవ్రమైన హోరుకు మూలం. సైన్ వేవ్ ఇన్వర్టరు ఈ విషయంలో మేలు. ఇంటి గోడకు అవతల బోరు మోటారు స్టార్టరు ఉంటే మోటారు నడవని వేళలో ముద్రించుకోవాలి. ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచాలి, లేదా గది బయట పెట్టాలి.

కరెంటు కోత వేళ ముద్రణకు అనువైన సమయం అన్న సంగతి చాలామంది గుర్తించరు. ఊరంతా సరఫరా ఆగినప్పుడు ఇన్వర్టరును కూడా ఆపివేసి, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీపై నడుపుతూ, యూఎస్‌బీ నుండి విద్యుత్తు తీసుకునే ఇంటర్‌ఫేస్‌తో ముద్రిస్తే 50 హెర్ట్జ్‌ల హోరుకు మూలమే ఉండదు. ఎంతో ఖర్చుతో కట్టిన స్టూడియోలో దొరికే నిశ్శబ్దానికి దగ్గరైన నిశ్శబ్దం అప్పుడు లభిస్తుంది. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మాత్రం ముద్రణ మానుకొని, పరికరాల ప్లగ్గులను సాకెట్ల నుండి తీసి ఉంచాలి.

ఎర్తు: ప్రాణానికి సంబంధించిన విషయం

మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉండే లావుపాటి, పొడవాటి పిన్ను ఎర్తుది. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికంటె ముందు తగిలి, తీసేటప్పుడు అన్నిటికంటె చివర విడివడేలా దానిని పొడవుగా చేశారు. పరికరం లోపల ఫేజు వైరు ఊడి లోహపు పెట్టెను తాకితే, ఆ విద్యుత్తు మనిషి గుండా కాక భూమిలోకి పోవడానికి ఏర్పరచిన దారి అది. ఎలక్ట్రిక్ గిటారు తీగలు, కేబుల్ జాలీ, యాంప్లిఫయరు పెట్టె, ఇవన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. ఎర్తు లేని యాంప్లిఫయరులో లోపం ఏర్పడితే ఆ 230 వోల్టులు నేరుగా వాయించేవారి వేళ్ళ కిందికి వస్తాయి.

ఎర్తు పిన్నును విరిచివేస్తే, లేదా రెండు పిన్నుల అడాప్టరు పెడితే హోరు పోతుందనే సలహా తరచుగా వినబడుతుంది. కొన్ని సందర్భాలలో హోరు నిజంగానే తగ్గుతుంది. ప్రమాదం అక్కడే దాగి ఉంది. పరికరం బాగా పనిచేస్తున్నంత కాలం తేడా ఏమీ కనిపించదు. లోపం ఏర్పడిన రోజున మాత్రం రక్షణ ఉండదు. 1972లో వేల్స్ దేశంలోని స్వాన్సీ నగరంలో స్టోన్ ది క్రోస్ బృందపు గిటారు వాద్యకారుడు లెస్లీ హార్వే, ఎర్తు లేని మైక్రోఫోనును తాకి వేదికపైనే మరణించారు. 1976లో యార్డ్‌బర్డ్స్ బృందపు పూర్వ గాయకుడు కీత్ రెల్ఫ్ లండన్‌లోని తన ఇంట్లో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తూ విద్యుదాఘాతంతో మరణించారు. అనుభవజ్ఞులైన వాద్యకారులకే జరిగిన ప్రమాదాలివి. అందువల్ల ఎర్తు పిన్నును ఏ కారణంతోనూ తొలగించరాదు.

గ్రామాలలో మరో సమస్య ఉంది. సాకెట్టుకు మూడు రంధ్రాలున్నా, వెనుక ఎర్తు వైరు కలపని ఇళ్ళు ఉన్నాయి. ఇంటి వైరింగులో ఎర్తు వైరు ఆకుపచ్చగా, పరికరాల కేబుళ్ళలో ఆకుపచ్చ పసుపు చారలతో ఉంటుంది. ఎర్తు లేని సాకెట్టుకు మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ఛార్జరును పెట్టినప్పుడు, దానిలోని ఫిల్టరు కెపాసిటర్ల ద్వారా స్వల్ప విద్యుత్తు లోహ భాగాలపైకి చేరుతుంది. ల్యాప్‌టాప్ అంచును తాకితే చేతికి గిలిగింతలా తగలడం, ముద్రణలో గరగర వినిపించడం ఈ ఒక్క కారణం వల్లనే జరుగుతాయి. ఎర్తును సరిచేస్తే రెండూ ఒకేసారి పోతాయి.

సాకెట్టులో ఎర్తు ఉన్నదీ లేనిదీ మామూలు టెస్టరు చెప్పలేదు. లైసెన్సు గల ఎలక్ట్రీషియన్ తగిన మీటరుతో పరీక్షించాలి. ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య, ఫేజుకు ఎర్తుకు మధ్య దాదాపు సమానమైన వోల్టేజి, న్యూట్రల్‌కు ఎర్తుకు మధ్య కొద్ది వోల్టులు మాత్రమే కనిపించడం మొదటి సూచన. ఎర్తు నిరోధాన్ని కూడా కొలిస్తేనే నిర్ధారణ పూర్తవుతుంది. బొగ్గు, ఉప్పు వేసి కట్టిన ఎర్తు గుంత వేసవిలో ఎండిపోతే దాని శక్తి తగ్గుతుంది. అప్పుడప్పుడు నీరు పోస్తూ ఉండాలి.

ఎర్తు లేదని సాకెట్టులోనే న్యూట్రల్‌ను ఎర్తు రంధ్రానికి కలపడం ఘోరమైన తప్పు. బయట న్యూట్రల్ తెగిన క్షణంలో ఇంట్లోని లోహపు పెట్టెలన్నీ ఫేజుగా మారతాయి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవడం అదనపు రక్షణ. ఎంసీబీ ఉన్నది కదా అని భావించరాదు. 6 ఆంపియర్ల ఎంసీబీ, ఆర్‌సీసీబీ గుర్తించే లీకేజీకి 200 రెట్ల ప్రవాహాన్ని మామూలుగానే సాగనిస్తుంది. అది వైర్లను కాపాడడానికి ఉద్దేశించినదే తప్ప మనిషిని కాపాడడానికి కాదు.

ఎర్తు వలయం

ఎర్తు బాగున్న ఇళ్ళలో కూడా ఒక రకం హోరు రావచ్చు. యాంప్లిఫయరును ఒక గోడ సాకెట్టుకు, కంప్యూటరును మరో గోడ సాకెట్టుకు పెట్టి, రెండింటినీ ఆడియో కేబుల్‌తో కలిపినప్పుడు ఎర్తుకు రెండు దారులు ఏర్పడి ఒక వలయం పూర్తవుతుంది. ఆ వలయంలో ప్రవహించే స్వల్ప విద్యుత్తే హోరుగా వినిపిస్తుంది.

దీనికి సురక్షితమైన పరిష్కారం అన్ని పరికరాలను ఎర్తు ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టడం. 6 ఆంపియర్ల సాకెట్టు 1,380 వాట్ల వరకు భరిస్తుంది. ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, చిన్న యాంప్లిఫయరు కలిపినా అందులో కొద్ది భాగమే అవుతుంది. అప్పటికీ హోరు ఉంటే ఆడియో మార్గంలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు గల డీఐ బాక్సును వాడాలి. దానిపై ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఆడియో కేబుల్ జాలీని మాత్రమే విడదీస్తుంది. కరెంటు ఎర్తును అది తాకదు.

ధ్వని స్థాయి, ముద్రణ తరువాత

గిటారుపై వాల్యూమ్ పూర్తిగా ఉంచి, ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ తగుమాత్రంగా పెట్టాలి. గట్టిగా వాయించినప్పుడు మీటరు మైనస్ 12 నుండి మైనస్ 6 డెసిబెళ్ళ మధ్య ఉంటే చాలు. డిస్టార్షన్ ఎఫెక్టు నాదంతో పాటు హోరును కూడా పైకి లేపుతుంది కనుక దానిని అవసరమైనంత వరకే వాడాలి.

ప్రతి ముద్రణకు ముందు వాయించకుండా 5 సెకన్ల నిశ్శబ్దాన్ని నమోదు చేయడం మంచి అలవాటు. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులోని నాయిస్ రిడక్షన్ ఆ భాగాన్ని నమూనాగా తీసుకొని మిగిలిన ముద్రణలో హోరును తగ్గిస్తుంది. దీనిని ఎక్కువగా ప్రయోగిస్తే నాదం నీటి అడుగు నుండి వస్తున్నట్టు మారుతుంది. నాయిస్ గేట్ వాయింపు మధ్య విరామాలలో మాత్రమే హోరును మూస్తుంది. స్వరం మోగుతున్నంత సేపు హోరు వెనుక అలాగే ఉంటుంది. సవరణకు ముందు మూల ముద్రణ ప్రతిని వేరుగా భద్రపరచాలి.

సంగ్రహంగా

ముందు ఎర్తును పరీక్షింపజేయాలి. తరువాత ల్యాప్‌టాప్‌ను బ్యాటరీపై నడపడం, ఫ్యాను, ఛార్జర్లు, ఇన్వర్టరు ఆపడం, ఫోనును దూరంగా ఉంచడం, కూర్చునే చోటు, దిశ మార్చడం, ఇవన్నీ ఖర్చులేని పనులు. ఆపైన మంచి కేబుల్, గిటారు లోపలి కవచం కొద్దిపాటి ఖర్చుతో అయ్యేవి. పికప్ మార్చడం చివరి మాట. ఈ వరుసను పాటించిన ఇంట్లో ముద్రణలో మిగిలేది గిటారు నాదం, పాడేవారి గొంతు మాత్రమే. కొద్దిపాటి హోరు మిగిలితే దానిని సహించవచ్చు గాని, దానిని పోగొట్టడానికి ఎర్తును తొలగించరాదు.